పసుపు చారలున్నదల్లా కందిరీగ కాదు

ప్రశ్న: మా పెరట్లో మేపుల్ కొమ్మకి బూడిదరంగు కాగితం ఉండలాంటి గూడు వేలాడుతోంది, ఫుట్‌బాల్ అంత ఉంటుంది. పురుగులు నల్లగా ఉన్నాయి, ముఖం మాత్రం తెలుపు. పక్కింటాయన హార్నెట్ అంటాడు, మా అబ్బాయి ఎల్లోజాకెట్ అంటాడు. ఎవరి మాట నమ్మను?
— ఓ పాఠకురాలు, ఒహాయో

జవాబు: మీ అబ్బాయి మాట. హార్నెట్, ఎల్లోజాకెట్ రెండూ కందిరీగల్లో రకాలే. అందరూ పిలిచే పేరు బాల్డ్‌ఫేస్డ్ హార్నెట్టే, కాదనను, కానీ వంశం చూస్తే అది ఎల్లోజాకెట్ల మనిషి, కాకపోతే ఒంటి మీద పసుపు లేదు. శాస్త్రీయ నామం డోలికోవెస్పులా మాక్యులేటా. అసలు హార్నెట్లంటే వెస్పా అనే ప్రజాతివి (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు), ఉత్తర అమెరికాకి సొంత వెస్పా ఒక్కటీ లేదు. ఇప్పుడు తూర్పు రాష్ట్రాల్లో కనిపించే యూరోపియన్ హార్నెట్ 19వ శతాబ్దంలో వలస వచ్చింది. 2019లో వాషింగ్టన్ రాష్ట్రంలో బయటపడి టీవీల్లో హడావిడి చేసిన ఆ పెద్ద ఆసియా హార్నెట్ కూడా బయటిదే, దాన్ని పూర్తిగా నిర్మూలించామని 2024 డిసెంబరులో ప్రకటించారు.

చచ్చినది దొరికితే భూతద్దంలో చూడండి. కంటి కింది అంచుకీ దవడ మొదలుకీ మధ్య ఖాళీ బాగా కనిపిస్తే డోలికోవెస్పులా, కన్ను దాదాపు దవడకి ఆనుకుని ఉంటే నేలలో గూడు పెట్టే మామూలు ఎల్లోజాకెట్ల ప్రజాతి, వెస్పులా. రంగు కంటే ఇదే నమ్మకం. గూడు ఎత్తులో, దారికి దూరంగా ఉంటే వదిలేయండి, గట్టి చలి పడితే కొత్త రాణులు తప్ప అన్నీ పోతాయి, ఆ గూటికి మళ్ళీ రావు.

ప్రశ్న: వాకిట్లో ఎర్రగా మఖమల్ గుడ్డలా ఉన్న పురుగు పరిగెడుతుంటే, ఆరుద్ర పురుగు అనుకుని మా పాప చేత్తో తీయబోయింది. ఇక్కడివాళ్ళు వెల్వెట్ యాంట్ అని కేకేశారు. చీమా ఇది?
— టెక్సస్ నుంచి ఒకరు

జవాబు: పాప చెయ్యి వెనక్కి లాగినందుకు ఆ కేకేసినవాళ్ళకి థాంక్స్ చెప్పండి. ఆరుద్ర పురుగుకి ఎనిమిది కాళ్ళు, పాపం ఏమీ అనదు. దీనికి ఆరు కాళ్ళు, పైగా ఇది చీమ కాదు, రెక్కల్లేని ఆడ కందిరీగ. మీరు చూసింది బహుశా డాసిముటిల్లా ఆక్సిడెంటాలిస్, దాదాపు రెండు సెంటీమీటర్లుంటుంది, ఎరుపు మీద నల్ల పట్టీ. దీనికి ‘కౌ కిల్లర్’ అని ముద్దుపేరు, అంటే ఆవుల్ని చంపేదని. ఏ ఆవునీ చంపదు గానీ ఆ పేరు పెట్టినవాడు కుట్టించుకునే పెట్టి ఉంటాడు. పట్టుకుంటే కీచుమని చప్పుడు కూడా చేస్తుంది. నేలలో గూళ్ళు పెట్టే తేనెటీగ జాతి ఈగల, కందిరీగల బొరియల్లో దూరి వాటి పిల్లల మీద గుడ్డు పెట్టడం ఈ కుటుంబం పని.

వర్గీకరించేవాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి. మగదానికి రెక్కలుంటాయి, చాలా జాతుల్లో ఆడా మగా ఎంత తేడాగా ఉంటాయంటే రెండూ ఒకటే అని తెలియక వేర్వేరు జాతులుగా రాసేశారు, జతకట్టినప్పుడు దొరికితే ముడి సులువుగా వీడుతుంది. కొన్నిటికి ఇప్పటికీ ఆడదో మగదో ఒక్కటే తెలుసు, జోడీ ఎవరో తేలలేదు.

ప్రశ్న: అసలు తేనెటీగ, చీమ, కందిరీగ మధ్య గీత ఎక్కడ గీస్తారు?
— ఓ కాలేజీ విద్యార్థి, నార్త్ కరోలినా

జవాబు: మంచి చోటే పట్టుకున్నారు, ఎందుకంటే ఆ గీత మనం అనుకున్నంత శుభ్రంగా లేదు. ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం అనుకోండి. అందులోంచి చీమలు ఒకసారి, తేనెటీగలు ఇంకోసారి వేరు కాపురం పెట్టాయి, పాత ఇంట్లో మిగిలిపోయినవాళ్ళందర్నీ కలిపి మనం కందిరీగలు అంటున్నాం. అంటే కొన్ని కందిరీగలకి తోటి కందిరీగల కంటే తేనెటీగే దగ్గర చుట్టం. ఈ మొత్తం వంశం పేరు హైమెనోప్టెరా, ఇప్పటికి పేరు పెట్టిన జాతులే లక్షన్నర పైచిలుకు, అందులో సన్నటి నడుం లేని సాఫ్లైలు అన్నిటికంటే పాత శాఖ. ఆ నడుం కూడా మోసమే, పొట్ట మొదటి ఖండం ముందే ఛాతీకి అతుక్కుపోయి ఉంటుంది, నొక్కుకుపోయినట్టు కనిపించేది దాని తర్వాత.

చేతిలో పురుగుంటే మాత్రం వెంట్రుకలు చూడండి. తేనెటీగలకి పక్షి ఈకలా చీలిన వెంట్రుకలుంటాయి, కందిరీగలకి సాదావి. రెండే రెక్కలుంటే అది కందిరీగ వేషం వేసిన మామూలు ఈగ, ఇలా వేషాలేసేవి బోలెడు. రంగు నమ్మితే ఎలా మోసపోతామో చూడాలంటే మీ దగ్గరి కాగితపు కందిరీగ పాలిస్టీస్ ఫస్కాటస్ చాలు, ఒకే జాతిలో ఒకటి దాదాపు ముదురు గోధుమ, ఇంకొకటి పసుపు మరకలతో. మనకి తికమక, వాటికి కాదు, ఆ ముఖం మీది మచ్చలతోనే ఒకదాన్నొకటి గుర్తుపడతాయని ప్రయోగాల్లో తేలింది.

ప్రశ్న: అన్నీ కుడతాయా?

జవాబు: లేదు. గుడ్లు పెట్టే గొట్టమే ముల్లుగా మారింది కాబట్టి మగవి కుట్టలేవు. ఎల్లోజాకెట్లలో, కాగితపు కందిరీగల్లో మగదాని మీసానికి 13 కణుపులు, ఆడదానికి 12. లెక్కపెట్టేంత దగ్గరికి వెళ్ళే ముందు అది చచ్చిందో లేదో చూసుకోండి.