స్కాట్లాండ్ గోల్ఫ్ యాత్రకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నిరుడు ఇంజనీరుగా రిటైరయ్యాను. నెలకు 58,000 రూపాయల పెన్షన్ వస్తుంది. సేవింగ్స్ ఖాతాలో 5 లక్షలు ఉన్నాయి, 12 లక్షల ఎఫ్‌డీ ఆగస్టులో మెచ్యూర్ అవుతుంది. వచ్చే ఏప్రిల్‌లో నా భార్యతో కలిసి పది రోజులు స్కాట్లాండ్ వెళ్లాలని ఉంది. నాకు గోల్ఫ్ ఇష్టం, ఆమెకు కోటలు, పాత గుళ్లు, అక్కడి వంటలు చూడాలని కోరిక. నాలుగు రౌండ్ల గోల్ఫ్‌తో కలిపి ఒక సంస్థ 7 లక్షల ప్యాకేజీ చెప్పింది. 4 లక్షలు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: యాత్ర మానుకొమ్మని చెప్పను, కాని ఈ లోన్ మాత్రం వద్దు. 13 శాతం వడ్డీకి మూడేళ్ల కాలానికి 4 లక్షలు తీసుకుంటే నెలకు సుమారు 13,480 రూపాయల ఈఎంఐ పడుతుంది, అంటే మీ పెన్షన్‌లో దాదాపు నాలుగో వంతు పోగా మొత్తం మీద వడ్డీయే 85,000 దాకా అవుతుంది. పైగా బ్రిటన్ వీసా అధికారులు బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తారు. ఖాతాలో ఉన్నట్టుండి పెద్ద మొత్తం జమ అయితే అది ఎక్కడిదని సందేహం వస్తుంది. నిలకడగా వస్తున్న పెన్షన్, ఎప్పటి నుంచో ఉన్న ఎఫ్‌డీ మీకు అంతకంటే మంచి ఆధారాలు.

తప్పనిసరై అప్పు చేయాల్సి వస్తే ఆ ఎఫ్‌డీ మీదే ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి. ఎఫ్‌డీ వడ్డీ రేటుకు ఒకటి రెండు శాతం కలిపి అప్పిస్తారు. 8.5 శాతం అనుకుంటే 4 లక్షలకు ఐదు నెలల వడ్డీ సుమారు 14,000 రూపాయలు, యాత్ర తర్వాత ఆగస్టులో డిపాజిట్ చేతికి రాగానే అప్పు తీరిపోతుంది. అయితే అంత మొత్తం అవసరం పడకుండా చూడటమే నా ఉద్దేశం, ఎందుకంటే మీ 7 లక్షల్లో తగ్గించగలిగేది ఎక్కువగా గోల్ఫ్ దగ్గరే ఉంది.

సెంట్ ఆండ్రూస్ అనే స్కాట్లాండ్ పట్టణంలోని పేరుమోసిన గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్సులో 2025 సీజన్ ఫీజు ఒక్క రౌండుకు 340 పౌండ్లు. పౌండుకు 115 రూపాయల చొప్పున లెక్కేసినా 39,000 దాటుతుంది, ఆ స్థాయి కోర్సుల్లో నాలుగు రౌండ్లంటే లక్షన్నర పైమాటే. అక్కడ చాలామందికి ఆడే అవకాశం లాటరీలో వస్తుంది, హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) ధ్రువపత్రం కూడా చూపాలి. కాబట్టి ప్యాకేజీలో ‘ఓల్డ్ కోర్స్’ అని రాసి ఉంటే అది ఖరారైన సమయమా, లాటరీ ప్రయత్నమా, దొరకకపోతే ఎంత వెనక్కి ఇస్తారు అన్న మూడు సంగతులు రాతపూర్వకంగా తీసుకున్న తర్వాతే అడ్వాన్స్ కట్టండి. నా సలహా ఒక్క పెద్ద రౌండ్, దానికి తోడు ఎడిన్‌బరో పక్కన మసెల్‌బరోలో తొమ్మిది హోల్స్ పాత కోర్సులో ఇంకో ఆట. అక్కడ 1672లోనే గోల్ఫ్ ఆడినట్టు రికార్డు ఉంది, ఫీజు కూడా పెద్ద కోర్సులతో పోలిస్తే చాలా తక్కువ. కిట్టు మోసుకెళ్లే ముందు విమానంలో దానికయ్యే ఛార్జీని, అక్కడి అద్దెతో పోల్చి చూడండి.

ఆదివారం సెంట్ ఆండ్రూస్‌లో ఉండేలా తేదీలు సర్దుకోండి. మామూలు ఆదివారాల్లో ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు, అందరూ నడవవచ్చు. ఆ కోర్సులోనే ఉన్న స్విల్కన్ వంతెన మీద మీరిద్దరూ నిలబడటానికి పైసా ఖర్చు లేదు. ఆ ఊరి శిథిల కెథడ్రల్ మీ శ్రీమతికి తప్పక నచ్చుతుంది. మన వేయిస్తంభాల గుడి 1163 నాటిది, ఆ కెథడ్రల్ పని మొదలైందీ దాదాపు ఆ రోజుల్లోనే. 1318లో దాని ప్రతిష్ఠ జరిగేనాటికి ఓరుగల్లును ప్రతాపరుద్రుడు ఏలుతున్నాడు. కోటల టికెట్లు గోల్ఫ్ ఫీజు ముందు లెక్కలోకి రావు, ఎక్కువ కోటలు చూసేటట్టయితే ఎక్స్‌ప్లోరర్ పాస్ కలిసివస్తుందేమో చూడండి.

తిండికి హోటల్ ప్యాకేజీ కట్టవద్దు. పొగబెట్టిన చేపతో చేసే కలెన్ స్కింక్ సూపు, గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులను ఓట్స్‌తో కలిపి వండే హ్యాగిస్ చిన్న హోటళ్లలో కూడా దొరుకుతాయి. బోటి కూర తిన్నవారికి హ్యాగిస్ కొత్తగా అనిపించదు.

ప్యాకేజీ తీసుకుంటే సంస్థ టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తుంది. ఈ మధ్య రేట్లు మారాయి గనుక బిల్లులో ఎంత శాతమో ముందే అడగండి. అది మీ పాన్ మీద నమోదవుతుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు లేదా రిఫండ్ పొందవచ్చు. అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు కాబట్టి బడ్జెట్‌లో కలుపుకోండి. సేవింగ్స్‌లోని 5 లక్షల్లో 2 లక్షలు ఆపద కోసం ముట్టకుండా ఉంచండి. మిగిలిన 3 లక్షలు పోగా తక్కువ పడేదానికే ఓవర్‌డ్రాఫ్ట్ వాడండి. అక్కడి ఆసుపత్రి చికిత్స సందర్శకులకు చాలావరకు ఉచితం కాదు, కనుక ఇద్దరికీ ప్రయాణ బీమా తీసుకోండి, ముందు నుంచి ఉన్న బీపీ, షుగర్ వంటివి దాచకుండా రాయించండి. వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు, అందువల్ల జనవరిలో మొదలుపెట్టి, వీసా చేతికి వచ్చాకే రద్దుకు వీల్లేని టికెట్లు కొనండి.