స్పానిష్ మొదలుపెట్టిన మేనకోడలికి

చిరంజీవి అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. 'ఉంది' అనడానికి రెండు మాటలేమిటి, బల్లకీ కుర్చీకీ ఆడా మగా ఏమిటి అని టెన్షన్ పడుతున్నావు. చాలాకాలంగా ఈ భాష నేర్పుతున్నదాన్ని కాబట్టి, మనవాళ్లు ఎక్కడ తడబడతారో ముందే చెబుతాను.

తెలుగులో మారేది క్రియ. తెల్ల ఇల్లు ఉంది, తెల్ల ఇళ్లు ఉన్నాయి అంటాం. 'తెల్ల' మారదు. స్పానిష్‌లో 'ఉంది' అనే మొదటి మాట 'అయ్' దీనికి పూర్తిగా తలకిందులు. 'అయ్ ఉనా కాసా బ్లాంకా' అంటే ఒక తెల్ల ఇల్లు ఉంది. చాలా ఉంటే 'అయ్ మూచాస్ కాసాస్ బ్లాంకాస్'. 'అయ్' అలాగే ఉండిపోయింది, మిగతావన్నీ ఇంటిని బట్టి మారాయి. భూతకాలంలోనూ అంతే, ఎన్ని ఇళ్లున్నా 'అబీయా' అనే రాయి. బహువచనం చేసి 'అబీయాన్' అనేవాళ్లు లాటిన్ అమెరికాలో చాలామంది కనిపిస్తారు కానీ, పరీక్షలో మాత్రం వద్దు.

ఇక రెండో మాట 'ఎస్తా'. కొత్త ఊళ్లో మందుల షాపు అసలు ఉందో లేదో తెలియనప్పుడు 'అయ్ ఉనా ఫార్మాసియా పోర్ అకీ?' అని అడుగు. ఉందని తెలిసి, ఎక్కడో తెలియకపోతే 'దోందె ఎస్తా లా ఫార్మాసియా?' అను. ఎల్, లా (ఇంగ్లీషు 'the' లాంటివి, ఎల్ పుంలింగానికి, లా స్త్రీలింగానికి) వచ్చినచోట 'అయ్' పెట్టకు. ఉన్, ఉనా (ఒక), అంకెలు, మూచోస్ (చాలా) లాంటివి వస్తే పెట్టు. ఏమీ లేకుండానూ వస్తుంది: 'నో అయ్ అగ్వా', నీళ్లు లేవు.

లింగం సంగతికొస్తే, నోట్‌బుక్‌లో 'లీబ్రో' (పుస్తకం) అని ఒంటరిగా ఎప్పుడూ రాయకు, 'ఎల్ లీబ్రో' అనే రాసుకో. మాట చివర 'ఓ' వస్తే పుంలింగం, 'ఆ' వస్తే స్త్రీలింగం అన్న సూత్రం చాలావరకు పనికొస్తుంది. కానీ 'లా మానో' (చెయ్యి), 'ఎల్ దీయా' (రోజు), 'ఎల్ మాపా', 'ఎల్ ప్రోబ్లేమా' దానికి లొంగవు. అవన్నీ రోజూ వాడే మాటలే కాబట్టి ముందు వాటినే పట్టు. 'ఎల్ అగ్వా' చూసి మాత్రం మోసపోకు. అది స్త్రీలింగమే. ఒత్తి పలికే 'ఆ'తో మొదలైంది కాబట్టి ముందు ఎల్ వచ్చింది, అంతే. చల్లటి నీళ్లు కావాలంటే 'ఎల్ అగ్వా ఫ్రీయా' అనాలి. 'వెర్దె' (ఆకుపచ్చ), 'గ్రాందె' (పెద్ద) లాంటి విశేషణాలకు ఆడా మగా తేడా లేదు, బహువచనంలో మాత్రం చివర 'స్' చేరుతుంది.

ఈ వారం వేరే పాఠం ముట్టుకోకు. నీ గదిలో ఏమేం ఉన్నాయో 'అయ్'తో రాయి, ప్రతి వస్తువుకీ ఒక రంగు చేర్చు. తర్వాత అవి ఎక్కడ ఉన్నాయో 'ఎస్తా'తో రాయి, ఒకటి కంటే ఎక్కువైతే 'ఎస్తాన్'. ఆదివారం ఫోటో తీసి పంపు, దిద్ది ఇస్తాను.

ఆశీస్సులతో,
అత్తయ్య