నా ల్యాప్‌టాప్‌లో పాసైన టెస్టు కంపెనీలో ఫెయిలైంది, దారి మార్చుకోవాలా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాది చదువుతున్నాను. ఆండ్రాయిడ్ డెవలపర్ ఉద్యోగం కోసం ఒక కంపెనీ ఇచ్చిన అసైన్‌మెంట్‌లో, సర్వర్ డేటాను చదివే సర్వీస్‌కు యూనిట్ టెస్టులు (కోడ్‌లోని చిన్న భాగాలను విడివిడిగా పరీక్షించే కోడ్) రాయమన్నారు. నమూనా జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) ఫైలును నా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచి పూర్తి పాత్ ఇచ్చి చదివించాను. నా దగ్గర అన్నీ పాసయ్యాయి. వాళ్ల దగ్గర ఫైలే దొరకలేదట, సెలక్ట్ చేయలేదు. టెస్టింగ్ నాకు రాదనుకుని వేరే రంగం చూసుకోవాలా?

జవాబు: దారి మార్చుకోవాల్సినంత విషయం ఇందులో లేదు. టెస్టర్ ఉద్యోగం వేరు, యూనిట్ టెస్టులు వేరు. వీటిని రాయాల్సింది చాలావరకు డెవలపరే. కాబట్టి ఇది వదిలేసి డెవలపర్ అవుదామంటే కుదరదు, కానీ నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

ఆండ్రాయిడ్‌లో లోకల్ యూనిట్ టెస్టు ఫోన్‌లో నడవదు, కంప్యూటర్‌లోని జేవీఎం (జావా కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్) మీద నడుస్తుంది. అందుకే యాప్‌లో అలవాటైనట్టు అసెట్స్ (యాప్‌తో పాటు వెళ్లే ఫైళ్ల ఫోల్డర్) నుంచి ఫైలు తెరవబోతే 'నాట్ మాక్‌డ్' అనే ఎర్రర్, అంటే ఆ ఆండ్రాయిడ్ ఫంక్షన్ ఇక్కడ పనిచేయదని, ఎదురవుతుంది. దాంతో విసిగి చాలామంది మీలాగే పూర్తి పాత్ రాసేస్తారు. ఆ పాత్ ఇంకో మెషీన్‌లో ఉండదు కదా! ఫైలును ప్రాజెక్టులోనే, ఎస్‌ఆర్‌సీ కింద టెస్ట్, దాని కింద రిసోర్సెస్ ఫోల్డర్‌లో పెట్టండి. క్లాసులను, వాటితో పాటు ఉన్న ఫైళ్లను వెతికి తెచ్చే క్లాస్‌లోడర్‌ను గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్ అనే ఫంక్షన్‌తో ఆ ఫైలు అడగండి. ఇక్కడ ఫైలు పేరు ముందు స్లాష్ పెట్టకూడదు. క్లాస్‌లోడర్‌ను కాకుండా నేరుగా క్లాస్‌ను అడిగితే మాత్రం స్లాష్ ఉండాలి, లేకపోతే ఆ క్లాస్ ప్యాకేజీలోనే వెతుకుతుంది. దొరకనప్పుడు ఇది గోల చేయదు, చల్లగా నల్ (ఏమీ లేదనే విలువ) ఇస్తుంది. ఎక్కడో రెండు ఫంక్షన్ల అవతల కోడ్ కూలితే తప్పు పార్సింగ్‌లో, అంటే జేసన్‌ను చదివి విడదీసే కోడ్‌లో, ఉందనుకుని గంటలు పోగొట్టుకుంటారు. అందుకే నల్ వస్తే ఫలానా ఫైలు లేదని అక్కడికక్కడే చెప్పించండి. అక్షరాలు కూడా చూసుకోండి: పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాను విండోస్ మామూలుగా పట్టించుకోదు, లినక్స్ సర్వర్ పట్టించుకుంటుంది.

ఐఓఎస్ వైపు వెళ్లినా ఇదే కథ. అక్కడ కోడ్, దాని ఫైళ్లు కలిపి ఉంచే ఫోల్డర్‌ను బండిల్ అంటారు. బండిల్.మెయిన్ అంటే టెస్టు బండిల్ కాదు. టెస్టు క్లాస్ ఉన్న బండిల్‌ను అడగాలి, స్విఫ్ట్ ప్యాకేజీ అయితే బండిల్.మాడ్యూల్‌ను.

ఇప్పుడు ఆ అసైన్‌మెంట్‌నే సరిచేయండి. గిట్ (కోడ్ మార్పులను భద్రపరిచే టూల్) నుంచి కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి, అంటే పూర్తి కాపీ దించుకుని, టెస్టులు నడపండి, గిట్‌లో చేర్చడం మరచిన ఫైలు ఉంటే అక్కడే బయటపడుతుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్‌లో పనులను వాటంతట అవే నడిపించే సదుపాయం) ప్రతి పుష్‌కీ, అంటే కోడ్ పంపిన ప్రతిసారీ, టెస్టులు నడిచేలా పెట్టండి. ఒక్క మంచి జేసన్‌తో సరిపెట్టకుండా ఖాళీ జాబితా, ఒక ఫీల్డ్ లేనిది, మధ్యలో తెగిపోయినది కూడా చేర్చండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎక్కువగా చూసేది వీటినే అని నా అభిప్రాయం. తర్వాతి ఇంటర్వ్యూలో దీని గురించి అడిగితే దాచకండి. ఎందుకు ఫెయిలైందో, ఏం మార్చారో చెప్పండి. టెన్షన్ లేకుండా ఆ కారణం వివరించగలిగితే, ఫ్రేమ్‌వర్కుల పేర్లు వల్లించిన వాళ్లకంటే మీరే ముందుంటారు.

ఆ కంపెనీకి సరిచేసిన కోడ్ లింకుతో నాలుగు వాక్యాల మెయిల్ పంపొచ్చు, తప్పు లేదు. జవాబు వస్తుందని ఎదురుచూస్తూ మిగతా అప్లికేషన్లు మాత్రం ఆపకండి.