కోవిడ్ తగ్గిన నెలకు బాబుకు మళ్లీ జ్వరం, ఎర్రటి కళ్లు: ఆగొచ్చా?

నెల కిందట ఇంట్లో అందరికీ కోవిడ్ వచ్చిపోయింది, ఇప్పుడు ఏడేళ్ల బాబుకు నాలుగు రోజులుగా జ్వరం, కడుపునొప్పి, కళ్లు ఎర్రగా ఉన్నాయి, టైఫాయిడ్ మందుల కోర్సు అయ్యేదాకా ఆగొచ్చా అని అడిగారు. ఆగొద్దండీ, ఇది కోవిడ్ తర్వాత పిల్లలకు వచ్చే ఎంఐఎస్‌-సి అనే జబ్బు కావచ్చు. పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి ఇవాళే బయల్దేరండి. హైదరాబాద్ ఉప్పల్ అన్నారు కాబట్టి, ప్రైవేటు కాదనుకుంటే రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి నిలోఫర్ ఉంది. మిగతాది దారిలో చదువుకోండి.

నేను డాక్టర్‌ని కాను. 2021 సెకండ్ వేవ్‌లో మా పాపకు అచ్చం ఇలాగే అయింది. ఏప్రిల్ ఆఖర్లో నాకూ మా ఆయనకూ పాజిటివ్. ఎనిమిదేళ్ల పాపకు ఒక్క పూట ఒళ్లు వెచ్చబడింది, అంతే, టెస్టు కూడా చేయించలేదు. జూన్ మొదట్లో 103 జ్వరం. దగ్గర్లోని క్లినిక్‌లో విడాల్ అనే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. మన ఊళ్లో జ్వరమంటే ముందు విడాలే కదా! మూడో రోజు పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతే అపెండిక్స్ ఏమోనని స్కానింగ్ తీశారు. అపెండిక్స్ బాగానే ఉంది.

నాలుగో రోజు పొద్దున ట్యూబ్‌లైట్ వేయగానే చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, కానీ పుసి లేదు. కళ్లకలకైతే పుసి కట్టి రెప్పలు అంటుకుపోతాయి, అక్కడే నాకు అనుమానం వచ్చింది. పెదాలు పగిలాయి. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు.

క్యాజువాలిటీలో బీపీ చూసిన డ్యూటీ డాక్టర్ ముఖం మారింది. వెంటనే అడిగిన ప్రశ్న: "ఇంట్లో కోవిడ్ ఎప్పుడొచ్చింది?" టెన్షన్‌లో ఇద్దరికీ తేదీ గుర్తు రాలేదు. మా అత్తమ్మకు ఫోన్ చేశాం. ఆమె గోడ క్యాలెండర్ మీద పాల ప్యాకెట్ల లెక్క రాస్తుంది. మేం పాజిటివ్ అని తెలిశాక పాలబ్బాయిని రావద్దన్నాం. "ఏప్రిల్ 27 నుంచి పద్నాలుగు గళ్లు ఖాళీగున్నయ్ బిడ్డా" అంది. డాక్టర్ వేళ్ల మీద లెక్కేసి, అయిదు వారాలు దాటింది, సరిపోయింది అన్నారు.

దీన్ని ఎంఐఎస్‌-సి అంటారు. వైరస్ సోకిన రెండు నుంచి ఆరు వారాలకు, అది పోయాక, పిల్లల రోగనిరోధక శక్తి అదుపు తప్పి గుండె, పేగులు, రక్తనాళాల్లో వాపు తెస్తుంది. అందుకే అప్పటికి ఆర్‌టీపీసీఆర్ చాలామందికి నెగటివే వస్తుంది, యాంటీబాడీలు మాత్రం కనిపిస్తాయి. మా పాపకూ అంతే. రక్తపరీక్షల్లో సీఆర్‌పీ, ఫెరిటిన్, డీ-డైమర్ మూడూ ఎక్కువ, ఎకో అనే గుండె స్కానింగ్‌లో పంపింగ్ కొంచెం తక్కువ. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ డాక్టర్లు దీన్ని మొదట గుర్తించినప్పుడు రక్తనాళాలు వాచే కవాసకి జబ్బులా ఉందనుకున్నారు. కవాసకి ఎక్కువగా అయిదేళ్లలోపు వాళ్లకు వస్తుంది, ఇది కాస్త పెద్ద పిల్లలకు. 2021తో పోలిస్తే ఇప్పుడు ఎంఐఎస్‌-సి బాగా అరుదు. మీ బాబుది ఇదో, కవాసకో, మరొకటో డాక్టరే తేల్చాలి. కవాసకి అయినా పది రోజుల్లోపు మందు పడితేనే గుండె రక్తనాళాలకు రక్షణ, కాబట్టి ఎటు చూసినా ఆగకూడదు.

మందు ఐవీఐజీ. రక్తదాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు. కిలోకు రెండు గ్రాములు. మా పాప 22 కిలోలు, అంటే 44 గ్రాములు, అయిదు గ్రాముల బాటిళ్లు తొమ్మిది. మా ఆయన ఐస్ ప్యాకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చారు. చుక్క చుక్కగా రాత్రంతా ఎక్కించారు, మధ్యమధ్యలో బీపీ చూస్తూనే ఉన్నారు. దాంతో పాటు స్టెరాయిడ్. రెండో రోజుకు జ్వరం దిగింది, పెరుగన్నం అడిగింది.

ఇంటికొచ్చాక చిన్న మోతాదు ఆస్పిరిన్ రాశారు, రెండు వారాలకూ ఆరు వారాలకూ మళ్లీ ఎకో తీశారు. ఆస్పిరిన్ వాడుతుంటే మీ అంతట మీరు ఐబుప్రొఫెన్ వేయకండి. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ గానీ ఫ్లూ గానీ వస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. ఐవీఐజీ ఎక్కితే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు 11 నెలలు ఆపాలి. మూడు నెలలు పరుగులు, సైకిల్ బంద్ అన్నారు. సూదులన్నిటికీ ఓర్చుకున్న పిల్ల ఆ సైకిల్ కోసం ఏడ్చింది.

బాబు మగతగా ఉన్నా, చేతులూ కాళ్లూ చల్లబడ్డా, మూత్రం తగ్గినా ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడకండి, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి. ఇంట్లో ఎవరికి ఏ తేదీన జ్వరం మొదలైందో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. గుర్తు లేకపోతే ఫోన్‌లో టెస్టు రిపోర్టు మెసేజ్ వెతకండి, తేదీ అందులోనే ఉంటుంది.