స్లాషర్‌కు బ్లేడ్ల బదులు గొలుసులు బిగించవచ్చా?

అన్నగారూ, మామిడి తోటలో రాళ్లకు తగిలి స్లాషర్ (ట్రాక్టరు వెనక తగిలించి గడ్డి కోసే యంత్రం) బ్లేడ్లు విరుగుతున్నాయి, వాటి చోట గొలుసులు బిగిస్తే ఎలా ఉంటుందని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. ఐదడుగుల స్లాషర్ నిమిషానికి 1000 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు దాదాపు 80 మీటర్లు. ఇరుసుకు 60 సెంటీమీటర్ల దూరంలో కిలో గొలుసు తిరిగితే, బోల్టుకు 670 కిలోల బరువు వేలాడదీసినట్టే. ఒక్క లింకు తెగినా అది తూటాలా దూసుకుపోతుంది. చేత్తో పట్టుకునే గడ్డికోత యంత్రాలకు ఇలాంటి గొలుసు తలలు అమ్మకూడదని యూరోపియన్ కమిషన్ 2012లోనే నిర్ణయించింది. అంతకుముందు లింకు ఊడి తగిలి ఒక మనిషి ప్రాణం పోయింది.

నా అనుమానమంతా బ్లేడు బోల్టు మీదే. రాయి తగలగానే బ్లేడు వెనక్కి మడత పడాలి. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, స్లాషర్ కింద గట్టి దిమ్మలు పెట్టి, బ్లేడును చేత్తో తోసి చూడండి. మా స్లాషర్‌కు బోల్టు చుట్టూ గడ్డి పీచు, మట్టి కలిసి రాయిలా బిగుసుకుపోయాయి. బ్లేడు వీసమెత్తు కదలలేదు. గీకి శుభ్రం చేశాక తేలిగ్గా తిరిగింది. బోల్టు, దాని చుట్టూ ఉండే బుష్ (లోహపు గొట్టం) అరిగి ఉంటే మార్చేయండి. బ్లేడ్లు మాత్రం జతగానే మార్చాలి, బరువులో తేడా వస్తే గేరుబాక్సు అదిరిపోతుంది. కోత ఎత్తు నాలుగైదు అంగుళాలకు పెంచండి. గొలుసులు ఇప్పటికే కొని ఉంటే, వాటిని స్లాషర్ ముందూ వెనకా తెరలా దగ్గరదగ్గరగా వేలాడదీయండి, ఎగిరే రాళ్లను చాలావరకు ఆపుతాయి.