మొంబాసాకు మిషనరీగా వెళ్లేముందు ఏం తెలుసుకోవాలి?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేశాను. మా సంఘం నన్ను రెండేళ్ల మిషనరీ సేవకు కెన్యాలోని మొంబాసా ప్రాంతానికి పంపుతోంది. పల్లెల్లో ఆరోగ్య పరిచర్య, సండే స్కూల్ పని ఉంటాయన్నారు. యూట్యూబ్‌లో వెతికితే బీచ్‌లు, రిసార్టులే వస్తున్నాయి. వెళ్లేలోపు ఏం తెలుసుకోవాలి? తిరిగొచ్చాక ఈ రెండేళ్లు గ్యాప్‌గా మిగిలిపోతాయని నాన్న టెన్షన్ పడుతున్నారు.

జవాబు: ముందు నాన్నగారి సంగతి చూద్దాం. అది కాగితాలతో తీరేదే. కెన్యాలో నర్సుగా పనిచేయాలంటే ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉండాలి, మన రిజిస్ట్రేషన్ ఒక్కటే సరిపోదు. మత, సేవా సంస్థల తరఫున వెళ్లేవారికి ఇచ్చే క్లాస్ ఐ పర్మిట్ వేరే సంగతి. ఈ రెండింటికీ దరఖాస్తు పెడుతున్నారా అని మీ సంఘాన్ని ఈమెయిల్‌లోనే అడగండి. ‘అక్కడికెళ్లాక చూసుకుందాంలే’ అంటే మాత్రం ఒప్పుకోకండి. సరైన అనుమతితో చేసిన పనికి అనుభవ పత్రం తెచ్చుకోవచ్చు. అనుమతి లేకపోతే రెజ్యూమేలో చెప్పుకోలేరు సరికదా, అక్కడి చట్టంతో చిక్కు కూడా.

ఇక ప్రాంతం. మొంబాసా పాత నగరం ఒక దీవి. ఉత్తరాన న్యాలి వైపు వంతెన ఉంది, దక్షిణాన లికోని వైపు ఫెర్రీలో దాటాలి. పల్లెల్లో పని అన్నారు కాబట్టి మీరుండేది దీవిలో కాకపోవచ్చు, ఉత్తరాన కిలిఫీ కౌంటీలోనో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) దక్షిణాన క్వాలే కౌంటీలోనో కావచ్చు. ఏ కౌంటీయో ఇప్పుడే కనుక్కోండి, ఎందుకంటే మీరు కలవబోయే మనుషులు దాన్నిబట్టి మారతారు. క్వాలేలో ఎక్కువగా కనిపించే దిగో ప్రజల్లో అత్యధికులు ముస్లింలు. కిలిఫీ వైపు గిరియామా ప్రజల్లో క్రైస్తవులు, ముస్లింలు, పూర్వీకుల ఆచారాలు పాటించేవారు పక్కపక్కనే ఉంటారు. వీళ్లంతా మిజికెండా అనే తొమ్మిది తెగల్లోవాళ్లు. వాళ్ల పవిత్ర వనాలను కాయా అంటారు, వాటిలో కొన్నిటిని 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. పెద్దల అనుమతి లేకుండా అందులో అడుగుపెట్టకండి, ఫొటోలు అసలే వద్దు.

‘సువార్త అందని ప్రాంతం’ అని మీ సంఘం కరపత్రంలో ఎక్కడైనా ఉంటే ఆ మాటను పక్కన పెట్టండి. మొంబాసాలోని ఫోర్ట్ జీసస్ కోటను పోర్చుగీసువారు 1590లలోనే కట్టారు. 1844లో యోహాన్ లుడ్విగ్ క్రాప్ఫ్ అనే జర్మన్ మిషనరీ మొంబాసాలో దిగాడు. అదే ఏడాది భార్య, అప్పుడే పుట్టిన కూతురు జ్వరాలతో చనిపోయినా ఆయన వెనక్కి రాలేదు. అక్కడి భాష స్వాహిలి నేర్చుకుని దానికి వ్యాకరణం రాశాడు. రెండేళ్ల తర్వాత యోహానెస్ రెబ్‌మన్ అనే మరో మిషనరీ వచ్చి కలిస్తే, ఇద్దరూ మొంబాసా దగ్గరి రబాయ్‌లో మిషన్ మొదలుపెట్టారు. అక్కడ సంఘం పెరగడంలో మన దేశానికీ పాత్ర ఉంది. బానిస ఓడల నుంచి విడిపించిన ఆఫ్రికా పిల్లల్లో కొందరు బొంబాయి, నాసిక్‌లలో చదువుకున్నారు. పెద్దయ్యాక రబాయ్‌కి, 1870లలో విముక్తి పొందిన బానిసల కోసం వెలిసిన ఫ్రీర్‌టౌన్‌కి వెళ్లి అక్కడ ఉపదేశకులుగా, టీచర్లుగా, చేతిపనివాళ్లుగా స్థిరపడ్డారు. వాళ్లను బాంబే ఆఫ్రికన్లు అంటారు. కాబట్టి అక్కడి క్రైస్తవ కుటుంబాల్లో కొన్నిటి విశ్వాసం మన సంఘాల్లో చాలావాటికంటే పాతది. వాళ్ల పాస్టర్‌ను కలిసి, ఆయన చెప్పే పనితోనే మొదలుపెట్టండి.

ఇంకోటి, కాస్త కష్టమైనదే అయినా చెప్పాలి. 2023లో కిలిఫీ కౌంటీలోని షకహోలా అడవిలో 400కు పైగా మృతదేహాలు బయటపడ్డాయి. ఉపవాసంతో చనిపోతే యేసును కలుస్తారని ఒక బోధకుడు నమ్మించాడన్నది కేసు. ఆ తర్వాత కొత్తగా వచ్చే బోధకులను జనం అనుమానంగా చూస్తే తప్పు పట్టలేం. ప్రార్థనతో పాటు మందులు మానమని ఎవరైనా చెబితే, చెప్పేది మీ బృందం వాళ్లే అయినా సరే, నర్సుగా మీరు అడ్డు చెప్పాలి. ఈ విషయంలో మీ సంఘం వైఖరి ఏమిటో బయల్దేరకముందే తేల్చుకోండి.

మిమ్మల్ని చూడగానే చాలామంది వ్యాపారుల ఇంటి అమ్మాయి అనుకోవచ్చు. తరతరాలుగా గుజరాతీలు అక్కడ దుకాణాలు నడుపుతున్నారు. 1896లో మొంబాసా నుంచి మొదలైన రైలు మార్గం కట్టడానికి 30 వేల మందికి పైగా మన దేశం నుంచే వెళ్లారు, వాళ్లలో ఎక్కువమంది పంజాబీలు. ఆ గుర్తింపు వల్ల కొన్ని తలుపులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి.

ఆరోగ్యం గురించి మీకు నేను చెప్పేదేముంది! తీరమంతా మలేరియా ఉంది, మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు, అధీకృత కేంద్రంలోనే వేయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ కార్డు అడుగుతారు.

మిగిలిన సమయమంతా స్వాహిలికి ఇవ్వండి. ‘నొప్పి ఎక్కడ’, ‘ఎన్ని రోజులైంది’, ‘ఏం మందు వాడారు’ లాంటి ప్రశ్నలతో మొదలుపెట్టండి. గంటల లెక్క కూడా నేర్చుకోండి. స్వాహిలిలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పేటప్పుడు ‘పొద్దున’, ‘రాత్రి’ అని కూడా చేర్చి, రోగి చేత ఒకసారి తిరిగి చెప్పించుకోండి.