తమ్మీ, జాతర సంగతి తర్వాత, మంగళవారం సంగతి చెప్పు

తమ్మీ,

వచ్చే మేడారం జాతర నాటికి నవల పూర్తి చేస్తానని రాశావు. మంచిదే. కానీ జాతర వచ్చేది రెండేళ్లకోసారి, అంత దూరం గడువు పెట్టుకుంటే ఇవాళ రాయకపోయినా ఏం కాదులే అనిపిస్తుంది, రేపూ అట్లాగే అనిపిస్తుంది. నీ ఉత్తరంలో నవల పేరుంది, అధ్యాయాల లెక్కుంది, ముందుమాట ఎవరితో రాయించాలో కూడా ఉంది. ఏ రోజు రాయడానికి కూర్చుంటావో మాత్రం లేదు.

సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు, వారానికి రెండుసార్లు వచ్చేది. నిజాం రాజ్యం, చదువులు ఉర్దూలో. అయినా సంచిక తేదీ వచ్చిందంటే మనసు బాగున్నా బాగలేకున్నా పేజీలు నిండాల్సిందే. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు కదా, అందరూ ఆ పౌరుషం గురించే చెప్తారు. నాకైతే అంతకు ముందు ఏళ్ల తరబడి తప్పకుండా నడిచిన ఆ 'వారానికి రెండుసార్లు' కనిపిస్తుంది. ఊరూరి నుంచి పద్యాలు రప్పించాలంటే ముందు ఊళ్లకు పోతున్న పత్రిక ఒకటి ఉండాలి మరి.

రోజూ రాయమని నేను చెప్పను. వినడానికి బాగుంటుంది గానీ ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్లకు నాలుగు రోజులకే తప్పుతుంది, తప్పినందుకు వచ్చే చిరాకులో ఇంకో వారం పోతుంది. మంగళవారం, శనివారం పెట్టుకో. రోజుకు ఒక పేజీ చాలు. హుషారులో ఉన్నప్పుడు వేసుకున్న లెక్కలు పత్తి ఏరే రోజుల్లో నిలవవు, మీ ఇంట్లో అందరూ చేనుకు పోతుంటే నువ్వొక్కడివే గదిలో కూర్చుని రాస్తానంటే అమ్మ ఊరుకోదు, ఊరుకోవద్దు కూడా. ఆ నెలల్లో పది లైన్లు రాసినా సరే. కానీ తప్పిన పేజీని వచ్చే వారం లెక్కలో కలపకు. బాకీ పెరిగితే అప్పిచ్చినోడి ఇంటి ముందు నుంచి పోలేనట్టే నోటుబుక్కు తెరవలేవు.

కథ కదలని రోజు పాత పేజీ దిద్దు, లేదంటే హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి పోయి కూర్చుని చదువు. 1904లో పెట్టిన లైబ్రరీ అది. చదివిన రోజును కూడా రాసిన రోజు కిందే వేసుకో. నెలకోసారైతే పర్వాలేదు, ప్రతివారం అదే అయితే మాత్రం నువ్వు తప్పించుకుంటున్నట్టే.

నీ పని కోసం ఎదురుచూసే మనిషి ఒకరుండాలి. ఇంకెవరూ దొరక్కపోతే నాకే పంపు, వచ్చే మంగళవారం రాత్రిలోపు, ఫోన్‌లో ఫొటో తీసి పంపినా చాలు. బాగుందా లేదా అని ఇప్పుడే చెప్పను, అందిందని మాత్రం చెప్తా. రాకపోతే బుధవారం పొద్దున నేనే ఫోన్ చేస్తా.